పప్పు ఉడికిన నీళ్ళు

మా మేనల్లుడి నర్సరీ రైల్లోంచి కనబడుతుందని నేను చాలామందికి చెప్పాను. తాడేపల్లిగూడెం స్టేషను ఇంకా రాకముందే, ఎడమ చేతి వైపు, చూపు ఆనినంత మేరా పచ్చగా ఉంటుందని చెప్పాను. పాపం ఒకాయన కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో గొడవపడి మరీ వెతికాడట. కనబడదు. అది ఊరి చివర ఒక రైసు మిల్లు గోడ వెనకాల ఉండేది. ఎకరంన్నర, అదీ కౌలు. రైలు కూత మాత్రం వినబడేది.

ఉండేది అన్నాను. ఇప్పుడు లేదు.

నేను మార్కెట్ యార్డు ఆఫీసులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యాను. అంటే గుమాస్తాగా. మా ఆవిడ పోయాక చెల్లెలింట్లో ముందు గదిలోకి వచ్చి పడ్డాను. చెల్లెలి మొగుడు పౌరోహిత్యం చేసుకునేవాడు, ఆయనా పోయాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు. తండ్రి పంచాంగం పట్టుకోకుండా మొక్కలు పట్టుకున్నాడు. నలభై దాటాయి. అతని భార్య ఏలూరులో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున్న రైలెక్కితే దీపాల వేళకు ఇల్లు చేరుతుంది.

నర్సరీ అంటే గులాబీలూ క్రోటన్లూ అనుకునేరు. అక్కడ పూసేదీ కాసేదీ ఒక్కటీ ఉండేది కాదు. మెట్ట రైతులు పేపరు మిల్లుల కర్ర కోసం వేసే జామాయిల్ మొక్కలు, అంతే. అవీ గింజ వేసి మొలిపించినవి కావు. బాగా ఏపుగా ఎదిగిన ఒకే ఒక్క చెట్టు కొమ్మల్ని ముక్కలు చేసి, ఆ ముక్కలకు వేళ్ళు పుట్టించి పెంచినవి. క్లోన్లు అంటారు. ఎన్ని వేల మొక్కలున్నా అన్నీ ఆ ఒక్క చెట్టే. ఒకే ఎత్తు, ఒకే లావు, అన్నీ ఒక్కసారే కోతకొస్తాయి. రైతుకు కావలసింది అదే.

ఆ ముక్కలు తీయడానికి విడిగా కొన్ని వరసలు ఉంచుతారు. దాన్ని తల్లి తోట అంటారు. పేరు విని మహావృక్షాలు ఊహించుకుని వచ్చినవాళ్ళు మోకాలెత్తు మోళ్ళను చూసి నీరసపడేవారు. దాన్ని ఎదగనివ్వరు. చిగురు వేస్తే కత్తిరిస్తారు, మళ్ళీ వేస్తే మళ్ళీ కత్తిరిస్తారు. మెట్ట మీద అన్ని తోటలకు పుట్టిల్లయిన ఆ మొక్కకు తనకంటూ చారెడు నీడ ఉండదు.

కత్తిరింపంతా మా చెల్లెలి చేతి మీద నడిచేది. పొద్దున్నే ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి కూర్చుని, చిగుళ్ళను ముక్కలుగా కోసి, రెండాకులుంచి, ఆ ఆకుల్ని కూడా సగానికి కత్తిరించి, వేరు మందు పొడిలో అద్ది, కొబ్బరి పొట్టు నింపిన నల్ల గొట్టాల్లో గుచ్చేవారు. ఆ తర్వాత అవి ప్లాస్టిక్ గుడారంలోకి వెళ్ళేవి. అక్కడ పైనించి సన్నటి తుంపర పడుతూనే ఉంటుంది. వేళ్ళు వచ్చేదాకా ఆ ముక్కలు బతికేది ఆ తుంపర మీదే. లోపలికి వెళితే ఊటీ వెళ్ళినట్టుంటుందని నేను అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి లోపల ఉక్కపోత. కళ్ళజోడు మసకబారి బయటికొచ్చే దారి కనబడక ఒకసారి మా చెల్లెల్నే పిలవాల్సి వచ్చింది.

కథ మలుపు తిరిగింది ఒక మర్యాదస్తుడి వల్ల. పేపరు మిల్లు తరఫున మొక్కలు చూడ్డానికి వచ్చే ఆయన ఒకరోజు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు పుచ్చుకుని అన్నాడు.

"ఏవండీ, వచ్చే వానలకి రెట్టింపు మొక్కలివ్వగలరాండీ? మెట్టలో అందరూ కర్ర వైపే వస్తున్నారండి. మీరు పెంచలేమంటే పర్లేదండి, పెంచేవాళ్ళని చూసుకుంటాం."

అంత మెత్తగా బెదిరించడం మా వైపువాళ్ళకే చేతనవును. ఆ సంగతి మేం మింగుతుండగానే స్థలం ఆసామీ వచ్చాడు. లేఅవుటు వేసేవాళ్ళతో బేరం కుదిరిందట. మాఘమాసం దాకా ఉండొచ్చన్నాడు. పెంచమని ఒకరు, కదలమని ఒకరు.

మా మేనల్లుడు ఆ సాయంత్రం తల్లి తోట గట్టు మీద కూర్చుని చెప్పాడు. "నాకున్నదంతా ఈ మోళ్ళే మావయ్యా. వీటి ముక్కలు ఇంకోచోట నాటి, అక్కడ తల్లి తోట నిలబెట్టానా, బతికాను. లేదంటే ఎవరి నర్సరీలోనో గొట్టాలు నింపుకోవాలి."

అతను ముందు నల్లజర్ల వైపు స్థలం వెతికాడు. మంచి నీళ్ళున్న ప్రతి నేల చెక్కా పామాయిల్ తోటలకిందే ఉంది. అప్పుడు నేను నోరు విప్పాను. ముదినేపల్లి దాటి కొల్లేరు వైపు వెళితే మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడ మా మేనమామ కొడుకు, నాకు బావమరిది, చేపల చెరువుల మధ్య ఒక మెరక చెక్కను ఖాళీగా ఉంచుకున్నాడు.

"ఆ ఊరి నీళ్ళా! చెంబులో పోస్తే కొబ్బరినీళ్ళే," అన్నాను. "మా అమ్మమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగి అటు తిరిగేలోపు ఉడికిపోయేది. ఏలూరు నించి జమీందార్లు కావిళ్ళతో పట్టుకెళ్ళేవారు."

జమీందార్లను అప్పటికప్పుడే కల్పించాను. మా చెల్లెలు కత్తెర ఆపకుండానే అడిగింది. "నువ్వా ఊళ్ళో పప్పు తిన్నది ఎప్పుడన్నయ్యా?"

"నీకప్పటికి పళ్ళు కూడా రాలేదు."

"నీకు మాత్రం వచ్చాయేంటి?"

మా కుటుంబాల్లో కొత్త ఊరి నీళ్ళు చూడ్డానికి ఒకటే పద్ధతి. ఇల్లు అద్దెకు తీసుకునేముందయినా, బదిలీ మీద వెళ్ళినా, ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకేసి చూస్తారు. మెత్తగా ఉడికితే మంచినీళ్ళు. పలుకుగా మిగిలితే ఉప్పు తగిలిందన్నమాట. మనుషులకు పనికొచ్చేవి మొక్కలకు పనికిరావా అని నేను వాదించాను. బావమరిదికి ఫోను చేసి, మేం వస్తున్నామనీ, మీ బోరు నీళ్ళతోనే పప్పు వండించమనీ, కొనుక్కునే టిన్ను నీళ్ళతో కాదనీ మరీ మరీ చెప్పాను.

"అలాగే బావగారూ, దానికేం భాగ్యం, రండి," అన్నాడు. "కరెంటుకి లోటు లేదు. చెరువుల కోసం వేసిన లైను, ఎప్పుడూ పోదు."

వెళ్ళింది కార్తీక సోమవారం నాడు, అద్దె కారులో. మా చెల్లెలికి ఉపవాసం. వచ్చినా పప్పు ముట్టదు కాబట్టి ఎందుకులే అని ఆగిపోయింది. నాకూ ఉపవాసమే. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు పట్టింపు లేదని ఎక్కడో ఉందన్నాను. ఎక్కడా లేదు.

ఉండి దాటాక చేలు మెల్లమెల్లగా చెరువులైపోతాయి. ఆకివీడు, కైకలూరు మీదుగా వెళుతుంటే రోడ్డుకు రెండు వైపులా నీళ్ళే. ఆ నీళ్ళ మధ్య చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. అన్ని నీళ్ళున్న ఊళ్ళలో ప్రతి గడప మెట్టు మీదా ఒక నీలం టిన్ను. మేనల్లుడు వాటిని చూసి, "ఇక్కడ తాగడానికి కొనుక్కుంటున్నారు మావయ్యా," అన్నాడు.

"గూడెంలో మాత్రం కొనుక్కోవడం లేదా ఏంటి! అది రోగాల భయం. నీళ్ళ తప్పేముంది?" అన్నాను. అతను వాదించలేదు. నా మీద నమ్మకం వల్ల కాదు, నవ్వొచ్చి ఊరుకున్నాడు.

బావమరిదీ, అతని భార్యా ఇద్దరూ ఉపవాసమే. మా ఇద్దరికే విస్తళ్ళు వేశారు. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, చేతికి జిడ్డంటేంత నెయ్యి. పప్పులో వేలు పెట్టాను. వెన్న. గింజన్న మాట లేదు. పసుపు రంగు కాస్త ముదురుగా ఉందనిపించింది కానీ, ఆకలి మీద ఉన్నవాడు రంగు చూడడు.

"ఏరా, చూశావా!" అన్నాను. "ఇదిరా మా అమ్మమ్మ ఊరంటే!"

మేనల్లుడు నాకన్నా జాగ్రత్తగలవాడు. గుమ్మం పక్కన నిలబడ్డ ఆవిణ్ణి అడిగాడు. "ఇది ఈ బోరు నీళ్ళతో వండిందేనా పిన్నిగారూ?"

"అయ్యో, దాంతోనే అండి. మీ బాబాయిగారు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఇంకొంచెం వేసుకోండన్నయ్యగారూ, మీరేం తినట్లేదు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను మూడోసారి కలుపుకున్నాను.

అతను ఒక ప్లాస్టిక్ సీసాలో బోరు నీళ్ళు పట్టి మూత బిగించి కారులో పెట్టుకున్నాడు, లాబులో పరీక్ష చేయించడానికి. ఆ సీసా దారిలో కిందపడి పగిలిపోయిందని నేను ఇన్నాళ్ళూ ఊళ్ళో చెబుతూ వచ్చాను. ప్లాస్టిక్ సీసా పగలదు. జరిగింది ఇది. తిరుగు దారిలో కొల్లేటి గట్టు మీద, పక్షులు చూస్తానని కారు ఆపించాను. పక్షులు లేవు. చీలమండల దాకా బురదలో దిగబడ్డాను. కారు పాడవుతుందని, చేతికందిన సీసా మూత తీసి శుభ్రంగా కాళ్ళు కడుక్కున్నాను.

"మావయ్యా! అది శాంపిలు!"

"మళ్ళీ పట్టుకుందాంలేరా. పప్పు చెప్పాక ఇంకా లాబేమిటి?"

అతను ఖాళీ సీసా తీసుకుని ఒక క్షణం చూసి, వెనక సీట్లో పడేశాడు. మళ్ళీ పట్టలేదు. మొహమాటం. బావమరిది ఫోను చేసి ఎప్పుడొస్తారని అడుగుతుంటే, మీ నీళ్ళ మీద అనుమానంగా ఉందని అనలేకపోయాడు. కడుపునిండా తిని వచ్చినవాళ్ళం.

ఆ సీజనులో వేళ్ళు పట్టిన మొక్కల్లో మేలైనవన్నీ అమ్మకుండా అక్కడికి చేర్చి కొత్త తల్లి తోట నాటాడు. గుడారాలు ఇక్కడివాటికి రెట్టింపు పెద్దవి కట్టాడు. నేను వీధి వీధికీ చెప్పాను. రాష్ట్రంలోనే పెద్దదన్నాను. చలికాలం అంతా అది చక్కగా ఎదిగింది. అంతకుముందు కురిసిన వానలతో, కాలవ నీళ్ళతో భూమి తడిసి ఉంది కదా. మేనల్లుడు మోటారు సైకిలు మీద అంతదూరం వెళ్ళి వస్తూ, ఎప్పుడూ లేనిది, కూనిరాగం తీసేవాడు.

మాఘంలో ఇక్కడి స్థలంలోకి మట్టి తవ్వే యంత్రం వచ్చింది. ఆ రోజు నా గుండె చెరువయిందని రాస్తే బాగుంటుంది. నేను కుర్చీ వేయించుకుని యంత్రం ఎలా పని చేస్తుందో చూస్తూ కూర్చున్నాను. అది ఒక్క ఊపులో వరసకు వరస మోళ్ళను వేళ్ళతో సహా పైకి లేపింది. వేళ్ళు ఎంత లావున్నాయో అప్పుడే చూశాం. పైన మోకాలెత్తు, కింద మహావృక్షం. మా చెల్లెలు యంత్రం ఆగినప్పుడల్లా ఆ మట్టిలోకి దిగి ఏవో పుల్లలు విరిచి కొంగులో వేసుకుంది.

"ఏం చేసుకుంటావే వాటిని? అక్కడ తోటంతా ఉండగా," అన్నాను.

"ఊరికే," అంది.

ఎండలు ముదిరాయి. కాలవలు కట్టేశారు. చుట్టుపక్కల చెరువులన్నీ బోర్ల మీద పడి భూమిలోంచి తోడడం మొదలుపెట్టాయి. ఒక పొద్దున మేనల్లుడు ఫోను చేసి వాళ్ళమ్మను రమ్మన్నాడు. నేనూ వెళ్ళాను.

తుంపర చల్లే గొట్టాల మూతుల మీద తెల్లటి పెచ్చు కట్టింది. గుడారంలో ముక్కల ఆకులు అంచుల నించి మాడాయి. కాగితం నిప్పుకు పట్టినప్పుడు అంచున గోధుమరంగు గీత లోపలికి పాకుతుందే, అలా. తల్లి తోట కూడా అంతే. మామూలు తోటలో అయితే ఒకటి చస్తుంది, ఒకటి ఎలాగో నెగ్గుకొస్తుంది. ఇక్కడ అన్నీ ఒక్క చెట్టే కదా. ఒకే రోజున, ఒకే ఆకు దగ్గర, ఒకే మేరకు అన్నీ మాడాయి. ఈ చివర నించి ఆ చివరకు చూస్తే ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

మా చెల్లెలు గొట్టం మూతి మీది పెచ్చు గిల్లి నాలిక మీద వేసుకుంది. ఉమ్మేసింది. మాట్లాడకుండా బావమరిది ఇంటి వంటింట్లోకి నడిచింది. మేం వెనకాల వెళ్ళాం.

"ఏమ్మా, ఈ నీళ్ళతో పప్పెలా ఉడికించావే ఆవేళ?"

"సోడా వేస్తానక్కయ్యా," అంది ఆవిడ, అదేం ప్రశ్నన్నట్టు. "చిటికెడు వంటసోడా. వెయ్యకపోతే ఈ నీళ్ళకి గింజ గింజగానే ఉంటుంది. మా ఊళ్ళో అందరిళ్ళలోనూ అంతే."

"సోడానా?" అన్నాడు బావమరిది. "నాకే తెలీదే! నీళ్ళు బాగుపడ్డాయనుకుంటున్నాను ఇన్నేళ్ళూ."

"మీరెప్పుడైనా వంటింట్లోకి వచ్చారాండీ?"

"మరి ఆరోజు చెప్పలేదేమ్మా?" అని నేను అడిగాను.

ఆవిడ మా ముఖాలు చూసి అప్పుడు గ్రహించింది. పయిట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "అన్నయ్యగారూ, మీరు నీళ్ళు చూడ్డానికి తిన్నారా? భోజనానికొచ్చారనుకున్నానండి. బోరు నీళ్ళతో వండమన్నారు, వండాను. అంతదూరం నించి వచ్చినవాళ్ళకి పలుకు పప్పు ఎలా పెట్టనండీ?"

మేనల్లుడు అన్నాడు. "మీ తప్పేం లేదు పిన్నిగారూ. పప్పు చాలా బాగుంది ఆవేళ."

"కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి బాబూ."

పుచ్చుకున్నాడు. గ్లాసు కడిగి బోర్లించి మరీ వచ్చాడు.

మా చెల్లెలు ఉపవాసం మానుకుని ఆవేళ వచ్చి ఉంటే మొదటి ముద్దలోనే సోడా పట్టేసేది. ఆ మాట ఆమె అనలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో నేను అన్నాను. "ఇంక ఊరుకో అన్నయ్యా," అంది.

మిల్లు తరఫు ఆయన వచ్చి చూసి, "అయ్యయ్యో, ఎంత పనైందండీ," అని నిజంగానే బాధపడ్డాడు. వానలు దగ్గరపడుతున్నాయి కాబట్టి గోదావరి అవతల ఒక పెద్ద నర్సరీకి ఆ పని అప్పగించామన్నాడు. మళ్ళీ మొదలుపెట్టడానికి తల్లి మొక్కలివ్వమని మేనల్లుడు అడిగాడు. "మీ దగ్గర గుడారాలు, మంచి నీళ్ళు సిద్ధమయ్యాక చెప్పండి, తప్పకుండా చూద్దామండి," అన్నాడు. గుడారాలు ఉప్పులో ఉన్నాయి. మంచి నీళ్ళున్న చోట స్థలం లేదు. గూడెం స్థలంలో తెల్ల రంగు వేసిన రాళ్ళు పాతేశారు.

ఇప్పుడు అతను ఆ గోదావరి అవతల నర్సరీలోనే పనిచేస్తున్నాడు. మేనేజరని నేను చెబుతాను. గొట్టాల్లో పొట్టు సరిగ్గా నింపారా లేదా చూసే పని. పొద్దున్న భార్య ఏలూరు వైపు రైలెక్కుతుంది, అతను ఎదురుగా ఉన్న ప్లాట్‌ఫారం మీద రెండో వైపు రైలెక్కుతాడు. నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. బయటనించి వచ్చి నేను పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు ఎదురుపడితే మాత్రం, నా కాళ్ళ వంక చూసి, తల తిప్పుకుని లోపలికి పోతాడు.

ఆ పుల్లల సంగతి. మా చెల్లెలు వాటిని పెరట్లో, తడి గోనె కింద, పాత గొట్టాల్లో గుచ్చింది. తాగే టిన్ను నీళ్ళే చల్లింది. పెరడంతా మళ్ళీ తల్లి తోట లేచిందని నేను పోస్టాఫీసులో చెప్పాను, మందుల షాపులో చెప్పాను. బతికింది ఒక్కటి. దాన్ని గోడ వారగా నేలలో పెట్టింది.

మోకాలెత్తు అయిన రోజు కత్తెర తెచ్చి కొడుకు ముందు నిలబడింది. తల కత్తిరిస్తేనే పక్కల నించి చిగుళ్ళొస్తాయి. చిగుళ్ళొస్తేనే ముక్కలు. అది తల్లి కావాలంటే ఇప్పుడే కత్తిరించాలి.

"కత్తిరించనారా?"

అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. మొక్క వంక చూశాడు, చాలాసేపు. రైలుకు టైమవుతోంది.

"ఎందుకులే అమ్మా," అన్నాడు.

ఆవిడ కత్తెర లోపల పెట్టేసింది. వారం తర్వాత మళ్ళీ తెచ్చింది, అడగకుండానే తిరిగి తీసుకెళ్ళింది. అంతే, ఇంక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ జాతి పెరుగుదల సంగతి తెలిసిందే కదా. రైసు మిల్లు గొట్టమంత అయిందని నేను వీధిలో చెబుతున్నాను. అంత లేదు. కానీ గోడ దాటింది. మధ్యాహ్నం పూట నేను కుర్చీ దాని కిందికి లాక్కుంటున్నాను. నీడ పలచనే, ఆకుల మధ్య నించి ఎండ పడుతూనే ఉంటుంది. మా చెల్లెలు మాత్రం ఆ వైపు రాదు. గిన్నెలు తోముకోవడం కూడా ముందు వైపుకు మార్చుకుంది.